కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా?

వసుంధరలో మా భవనంలోనే ఒక తెలుగు కంప్యూటర్ ఇంజనీరు ఉంటారు. మూడు దశాబ్దాలకు పైగా రకరకాల కంపెనీల యంత్రాలకు మరమ్మతులు చేసి రిటైరయిన మనిషి. కిందటి నెలలో ఆయన ఇంట్లో ప్రింటరు పని మానేసింది. చెడిపోయి కాదు. నెహ్రూ ప్లేస్‌లో ఇంకు నింపించి తెచ్చిన కార్ట్రిడ్జ్‌ని అది రెండేళ్లుగా స్వీకరిస్తూనే ఉంది. తయారీదారు ఇంటర్నెట్ ద్వారా పంపిన ఒక అప్‌డేట్ తర్వాత హఠాత్తుగా నిరాకరించడం మొదలుపెట్టింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఒప్పందంలో ఆ షరతు ఉందని, దానికి ఆయన అంగీకారం తెలిపారని చెప్పారట. సాయంత్రం కింద కలిసినప్పుడు ఆయన నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "డబ్బంతా కట్టి తెచ్చుకున్నాను. బిల్లు నా పేరు మీదే ఉంది. ఇంతకీ దీన్ని నేను కొన్నానా అండీ, అద్దెకు తెచ్చుకున్నానా?"

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ సరిగ్గా ఇదే ప్రశ్న దాదాపు 50 ఏళ్ల కిందట భారత పార్లమెంటు ముందుకు వచ్చింది. అప్పుడు అడిగినవాడు ఘాజియాబాద్ అపార్టుమెంటు వాసి కాదు, సాక్షాత్తూ భారత ప్రభుత్వం. అద్దెకు ఇచ్చిన కంపెనీ దేశం విడిచి వెళ్లే దాకా ఆ తగాదా సాగింది. వినియోగదారుడిగా తనకు ఎదురైన ఇబ్బందికి ప్రభుత్వం తనదైన పరిష్కారం వెతుక్కుంది. అదే ఇబ్బంది పౌరుడికి ఎదురైనప్పుడు ఆ పరిష్కారాన్ని అతనికి అందించలేదు. ఈ తేడా ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కార్డులు ఎవరివి?

ఐబీఎం కంపెనీ కంప్యూటర్లు రాక ముందు పంచ్ కార్డు యంత్రాలతో ఎదిగింది. అట్టముక్కలపై రంధ్రాలు పొడిచి లెక్కలు నమోదు చేస్తే, యంత్రం ఆ రంధ్రాలను గుర్తించి కార్డులను వేరు చేస్తుంది, కూడుతుంది. రైల్వేలకు, బీమా కంపెనీలకు, జనాభా లెక్కల శాఖలకు ఈ యంత్రాలే ఆధారం. అయితే ఐబీఎం ఈ యంత్రాలను అమ్మేది కాదు. నెలసరి అద్దెకు మాత్రమే ఇచ్చేది. అద్దె ఒప్పందంలో ఒక షరతు ఉండేది. యంత్రంలో ఐబీఎం తయారుచేసిన కార్డులే వాడాలి, బయటివారి కార్డులు వాడితే ఒప్పందం రద్దు.

ఈ షరతు చెల్లదని అమెరికా సుప్రీం కోర్టు 1936లో తీర్పు చెప్పింది. ఆ కేసులో ఐబీఎం చేసిన వాదన నేటి పాఠకులకు కొత్తగా అనిపించదు. నాసి రకం కార్డులు వాడితే లెక్కలు తప్పుతాయి, యంత్రం దెబ్బ తింటుంది, చెడ్డ పేరు తమకు వస్తుంది అన్నది ఆ వాదన. కార్డు ఎంత మందం ఉండాలో, ఏ నాణ్యతతో ఉండాలో మీరు ప్రమాణాలు చెప్పండి, ఆ ప్రమాణాలకు తగిన కార్డును ఎవరి దగ్గరైనా కొనుక్కునే స్వేచ్ఛ వాడకందారుడికి ఉండాలి అన్నది కోర్టు సమాధానం. నేటి ప్రింటరు కంపెనీలు 'నాణ్యత', 'భద్రత' అన్న మాటలతో చేస్తున్న వాదనకు 90 ఏళ్ల కిందటే జవాబు దొరికిందన్నమాట.

ఆ కేసులో మరో వివరం కూడా ఉంది. అమెరికా ప్రభుత్వానికి మాత్రం ఐబీఎం ఒక మినహాయింపు ఇచ్చింది. యంత్రం అద్దె 15 శాతం అదనంగా చెల్లిస్తే ప్రభుత్వం తన కార్డులను తానే తయారు చేసుకోవచ్చు. ప్రభుత్వ కార్డుల వల్ల యంత్రం చెడిపోనప్పుడు ఇతరుల కార్డుల వల్ల మాత్రం ఎందుకు చెడిపోతుంది? షరతు వెనక ఉన్నది ఇంజనీరింగ్ కారణం కాదు, వ్యాపార కారణమని ఆ మినహాయింపే రుజువు చేసింది. బలమైన ఖాతాదారుడికి తలుపు తీసి, బలహీనుడికి మూసివేసే పద్ధతి అప్పటికే ఉంది.

తర్వాత 1956 జనవరిలో అమెరికా ప్రభుత్వం వేసిన మరో దావాలో ఐబీఎం రాజీకి వచ్చింది. ఆ రాజీ డిక్రీ ప్రకారం యంత్రాలను అద్దెకు ఇవ్వడంతో పాటు అమ్మడానికి కూడా కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. కొనుక్కున్నవారికీ, బయటి మరమ్మతుదారులకూ విడిభాగాలను, సాంకేతిక సమాచారాన్ని అందించాల్సి వచ్చింది. నేడు 'మరమ్మతు హక్కు' అని మనం పిలుస్తున్న దానికి కంప్యూటర్ల చరిత్రలో తొలి రూపం ఇదే. ఆ హక్కు కంపెనీ దయ వల్ల రాలేదు. గుత్తాధిపత్య వ్యతిరేక చట్టం వల్ల, దాన్ని అమలు చేయాలన్న రాజకీయ నిర్ణయం వల్ల వచ్చింది.

పాత యంత్రం, కొత్త అద్దె

అమెరికాలో చట్టం విధించిన ఆ కట్టడి భారతదేశంలో లేదు. ఐబీఎం 1950ల తొలి ఏళ్లలోనే మన దేశంలో కార్యాలయాలు తెరిచింది. 1401 అనే కంప్యూటర్‌ను ఆ కంపెనీ 1959లో ప్రకటించింది. ట్రాన్సిస్టర్లతో పనిచేసే ఆ యంత్రం ప్రపంచమంతటా వేల సంఖ్యలో వాడుకలోకి వచ్చింది. 1961లో బొంబాయిలోని ఎస్సో చమురు కంపెనీ కార్యాలయానికి ఒక 1401 చేరింది. 1964లో ఐబీఎం సిస్టమ్ 360 పేరిట కొత్త తరం యంత్రాలను ప్రకటించడంతో అమెరికాలో 1401 వయసు తీరిపోయింది. అద్దె ముగించుకుని ఖాతాదారులు తిరిగి ఇచ్చిన పాత 1401లు కంపెనీ గోదాముల్లో పేరుకుపోయాయి.

1960ల రెండో భాగంలో ఆ పాత యంత్రాలే భారతదేశానికి వచ్చాయి. బొంబాయిలోని తన కర్మాగారంలో వాటికి మరమ్మతులు చేసి, ఐబీఎం ఇక్కడి ఖాతాదారులకు అద్దెకు ఇచ్చింది. రైల్వే జోన్లు, జీవిత బీమా సంస్థ, రక్షణ విభాగాలు, పెద్ద ప్రైవేటు కంపెనీలు ఆ ఖాతాదారులు. యంత్రం కంపెనీదే. దాన్ని బాగుచేసేవారు కంపెనీ మనుషులే. విడిభాగాలు కంపెనీ దగ్గరే దొరుకుతాయి. అద్దె ఎంతో నిర్ణయించేదీ కంపెనీయే. వేరే చోట పనికిరాని సరుకని తీసేసిన యంత్రానికి కొత్త యంత్రం స్థాయిలో అద్దె వసూలు చేస్తున్నారన్నది విమర్శకుల ఆరోపణ.

కంపెనీ వైపు నుంచి చెప్పాల్సిన మాట కూడా ఉంది. భారతదేశపు తొలి తరం ప్రోగ్రామర్లలో, సిస్టమ్ ఇంజనీర్లలో ఎంతోమందికి శిక్షణ ఇచ్చింది ఐబీఎంయే. లక్షల రూపాయల యంత్రాన్ని ఒకేసారి కొనలేని సంస్థకు అద్దె పద్ధతి వెసులుబాటు ఇచ్చింది. యంత్రం ఆగిపోతే కంపెనీ ఇంజనీరు వెంటనే వచ్చేవారు. అద్దె అనేది దానంతట అది తప్పు కాదు. అద్దెకు తప్ప మరే విధంగానూ దొరకకపోవడం, అద్దెకు తెచ్చుకున్నవాడికి మరో దారి లేకపోవడం అసలు సమస్య.

ఆ రోజుల్లో కంప్యూటర్ల మీద దేశంలో పెద్ద రాజకీయ చర్చే జరిగింది. కానీ అది చాలా వరకు ఉద్యోగాల గురించి. కలకత్తాలో జీవిత బీమా ఉద్యోగులు కంప్యూటర్ ఏర్పాటును అడ్డుకోవడానికి సుదీర్ఘ పోరాటం చేశారు. ఆ భయంలో న్యాయం ఉంది. అయితే యంత్రం వల్ల ఎవరి ఉద్యోగం పోతుంది అన్న ప్రశ్న వీధుల్లో వినిపించినంత గట్టిగా, యంత్రం ఎవరి అధీనంలో ఉంటుంది అన్న ప్రశ్న వినిపించలేదు. ఆ రెండో ప్రశ్న ఫైళ్లలో, కమిటీల్లో నడిచింది.

పార్లమెంటు అడిగిన ప్రశ్న

ప్రభుత్వ శాఖల్లో కంప్యూటర్ల వాడకాన్ని పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం 1975-76లో పరిశీలించింది. ఐబీఎం వ్యాపార పద్ధతిని అది గట్టిగా తప్పుబట్టింది. అది ఎమర్జెన్సీ కాలం. పత్రికల మీద సెన్సారు ఉంది, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. అయినా ప్రజల సొమ్ము ఒక యంత్రం అద్దె కింద ఎటు పోతున్నదో అడగగలిగిన వ్యవస్థ ఒకటి పార్లమెంటులో మిగిలి ఉంది.

దీనికి సమాంతరంగా మరో కథ నడిచింది. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం, అందరికీ తెలిసిన పేరు ఫెరా, 1974 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం చాలా విదేశీ కంపెనీలు తమ భారతీయ శాఖల్లో వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. ప్రపంచంలో ఎక్కడైనా తన అనుబంధ సంస్థల్లో నూటికి నూరు శాతం వాటా తనదే ఉండాలన్నది ఐబీఎం విధానం. ఏళ్ల తరబడి చర్చలు సాగాయి. కొన్ని కార్యకలాపాలకు భారతీయ వాటాను అంగీకరిస్తామని, కీలకమైన వాటిని మాత్రం పూర్తిగా తమ చేతిలోనే ఉంచుకుంటామని కంపెనీ ప్రతిపాదించింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1977 చివరి నాటికి చర్చలు విఫలమై, 1978లో ఐబీఎం భారతదేశం నుంచి వైదొలగింది.

జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఐబీఎంని, కోకా కోలాని తరిమేశారని జనం నోట నిలిచిన కథ. ఈ కథ సగమే నిజం. చట్టం చేసింది ఇందిరా గాంధీ ప్రభుత్వం. అమలు చేసింది ఆమెను ఓడించిన జనతా ప్రభుత్వం. పరస్పరం బద్ధ శత్రువులైన రెండు ప్రభుత్వాలు ఒకే విధానాన్ని కొనసాగించాయంటే, అది ఒక మంత్రి మొండితనం మాత్రమే అయి ఉండదు. రాజ్యం తానే ఒక పెద్ద ఖాతాదారు. ఆ ఖాతాదారుకు తాను ఎంత నిస్సహాయ స్థితిలో ఉన్నదీ అర్థమైంది.

హైదరాబాద్ ఇచ్చిన సమాధానం

ఆ నిస్సహాయత నుంచి బయటపడడానికి ప్రభుత్వం ఎంచుకున్న రెండు మార్గాలూ హైదరాబాద్‌తో ముడిపడి ఉండడం తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం.

మొదటిది సొంతంగా యంత్రాలు తయారు చేయడం. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, ఈసీఐఎల్, 1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీలోనూ స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివిన అయ్యగారి సాంబశివరావు దాని నిర్మాత. హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ అన్న పేరు ఆయనదే. అణుశక్తి విభాగంలో రూపొందిన పరిజ్ఞానంతో ఈసీఐఎల్ 1969లో టీడీసీ 12 అనే కంప్యూటర్‌ను, తర్వాత టీడీసీ 312ను, టీడీసీ 316ను తయారుచేసింది.

రెండోది యంత్రాలను బాగుచేసే సామర్థ్యాన్ని సంపాదించడం. 1975 చివరలో కేంద్ర ప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌ను, అంటే సీఎంసీని నెలకొల్పింది. ఐబీఎం వెళ్లిపోయాక దాని యంత్రాల నిర్వహణ బాధ్యత ఈ సంస్థ మీద పడింది. ఇక్కడ ఆగి గమనించాల్సిన సంగతి ఉంది. తయారుచేసిన కంపెనీతో సంబంధం లేకుండా, ఎవరి యంత్రాన్నైనా బాగుచేసే ఇంజనీర్ల సంస్థ అది. అమెరికాలో కోర్టు డిక్రీ ద్వారా సాధించిన దాన్ని భారత ప్రభుత్వం ఒక కార్పొరేషన్ ద్వారా సాధించింది. యంత్రం విప్పి చూసే హక్కు, దాన్ని అర్థం చేసుకునే నేర్పు వచ్చాక ఏం జరుగుతుందో కూడా సీఎంసీ చరిత్రే చెబుతుంది. మరమ్మతుల సంస్థగా మొదలై, 1985-86లో న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థను నిలబెట్టింది అదే సంస్థ. దాని పరిశోధన విభాగం సికిందరాబాద్ కేంద్రంగా పనిచేసింది. బాగుచేయడం తెలిసినవాడికి నిర్మించడం కూడా వస్తుంది.

మా ఇంటికి దగ్గరలో సాహిబాబాద్ పారిశ్రామిక ప్రాంతంలో ఉన్న సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ కూడా ఆ దశాబ్దపు ఆలోచన నుంచే పుట్టింది. జాతీయ ప్రయోగశాలల్లో రూపొందిన పరిజ్ఞానాన్ని సరుకుగా మార్చడానికి 1974లో దాన్ని స్థాపించారు. ఐబీఎం వెళ్లిపోయిన 1978లోనే ఆ సంస్థ దేశంలో తొలి సౌర ఫలకాన్ని తయారుచేసింది. ఘాజియాబాద్ మీరట్ నుంచి విడిపోయి జిల్లాగా మారింది, పక్కన నోయిడా పుట్టింది, ఢిల్లీలో హెచ్‌సీఎల్ మొదలైంది 1976లోనే. మన చుట్టూ కనిపించే ఈ సాంకేతిక ప్రాంతమంతా ఆ నాలుగైదేళ్ల నిర్ణయాల నీడలో పెరిగింది.

అయితే ఈ కథను విజయగాథగా చెప్పి ముగించడం నిజాయితీ కాదు. విదేశీ గుత్తాధిపత్యం పోయిన చోట స్వదేశీ గుత్తాధిపత్యం కూర్చుంది. కంప్యూటర్ కావాలన్న సంస్థ ఎలక్ట్రానిక్స్ శాఖ అనుమతి కోసం దీర్ఘకాలం వేచి ఉండాల్సి వచ్చేది. ఈసీఐఎల్ యంత్రాల ధర ఎక్కువన్న, సరఫరా ఆలస్యమన్న ఫిర్యాదులు వచ్చాయి. 1978లో చిన్న కంప్యూటర్ల తయారీని ప్రైవేటు రంగానికి తెరవాల్సి రావడానికి అదీ ఒక కారణం. యజమాని జెండా మారినంత మాత్రాన వాడకందారుడికి హక్కు రాదు. ప్రత్యామ్నాయం ఉన్నప్పుడు, విప్పి చూసే అధికారం ఉన్నప్పుడు మాత్రమే వస్తుంది. 1970ల విధానంలో దేశానికి స్వాతంత్ర్యం అన్న ఆలోచన ఉంది. వాడకందారుడికి స్వాతంత్ర్యం అన్న ఆలోచన లేదు.

అమ్మకం అంటే ఏమిటి?

1991 తర్వాత గాలి మారింది. టాటాలతో కలిసి ఐబీఎం 1992లో తిరిగి వచ్చింది. 2001లో కేంద్ర ప్రభుత్వం సీఎంసీలో 51 శాతం వాటాను టాటాలకు అమ్మింది. 2015లో సీఎంసీ టీసీఎస్‌లో కలిసిపోయింది. సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్‌ను కూడా 210 కోట్ల రూపాయలకు అమ్మడానికి 2021 నవంబరులో ఆమోదం తెలిపి, వివాదం చెలరేగాక 2022లో ఆ అమ్మకాన్ని రద్దు చేశారు.

ఈ లోపల అద్దె పద్ధతి కొత్త వేషంలో తిరిగి వచ్చింది. ఇనుప యంత్రం స్థానంలో సాఫ్ట్‌వేర్ అసలు సరుకైంది. ఐబీఎం 1969లో సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర పెడతామని ప్రకటించిన నాటి నుంచి అది ఒక వ్యాపారంగా ఎదిగింది. దుకాణంలో డబ్బు ఇచ్చి డబ్బా తెచ్చుకుంటాం. లోపల ఉన్న కాగితం మాత్రం, ఇది మీకు అమ్మినది కాదు, వాడుకునే లైసెన్సు మాత్రమే ఇచ్చాం అంటుంది.

అమ్మకమా, లైసెన్సా అన్న ఈ తగాదా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. వెళ్లింది వినియోగదారుడి ఫిర్యాదు మీద కాదు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పన్ను నోటీసు మీద. డబ్బాల్లో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌పై రాష్ట్ర ప్రభుత్వం అమ్మకం పన్ను విధించింది. సాఫ్ట్‌వేర్ అన్నది చేతికి తగిలే వస్తువు కాదని, అది మేధో సంపత్తి అని టీసీఎస్ వాదించింది. 2004 నవంబరు 5న రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. వాడడానికి, నిల్వ చేయడానికి, ఒకరి నుంచి మరొకరికి బదిలీ చేయడానికి వీలైనది, డిస్కులోకి ఎక్కించి మార్కెట్లో పెట్టినది ఏదైనా వస్తువే, దాన్ని అమ్మితే అది అమ్మకమే అన్నది ఆ తీర్పు సారాంశం.

తీర్పు ఫలితాన్ని ఒకసారి చూడండి. పన్ను వసూలు చేసే రాజ్యం దృష్టిలో సాఫ్ట్‌వేర్ అమ్మిన వస్తువు. ఖజానాకు రావాల్సింది వచ్చింది. కానీ అదే వస్తువును కొన్న పౌరుడు, నేను కొన్నాను కాబట్టి విప్పి చూస్తాను, బాగుచేసుకుంటాను, ఇంకొకరికి అమ్ముతాను అంటే మాత్రం, నువ్వు కొనలేదు, లైసెన్సు తీసుకున్నావు అన్న జవాబు ఎదురవుతుంది. పన్ను దగ్గర వస్తువు, హక్కు దగ్గర లైసెన్సు. ఈ రెండు మాటలూ ఒకే సరుకు గురించి, ఒకే దేశంలో నడుస్తున్నాయి.

దాని పర్యవసానాలు ప్రపంచమంతా చూసింది. 2009 జులైలో అమెజాన్ తన కిండిల్ పరికరాల నుంచి, అప్పటికే డబ్బు కట్టి కొనుక్కున్న పాఠకుల చేతుల్లోంచి, ఆర్వెల్ నవల '1984' ప్రతులను దూరం నుంచే తొలగించింది. ఆ ప్రతులను అమ్మినవారికి హక్కులు లేవన్నది కారణం. డబ్బు వెనక్కి ఇచ్చింది, తర్వాత క్షమాపణ చెప్పింది. కానీ పుస్తకాల దుకాణదారు రాత్రిపూట ఇంట్లో దూరి బీరువాలోంచి పుస్తకం పట్టుకుపోయి, బల్ల మీద డబ్బు పెట్టి వెళ్తే మనం ఏమంటాం? 2013లో అడోబ్ కంపెనీ తన ప్రధాన సాఫ్ట్‌వేర్‌ల కొత్త రూపాలను నెలసరి చందాకే ఇస్తామని ప్రకటించింది. యంత్రం నెలసరి అద్దెతో మొదలైన కథ చుట్టూ తిరిగి నెలసరి చందా దగ్గరికి చేరింది.

ఘాజియాబాద్ నుంచి లక్నోకి

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చరిత్రలో ఘాజియాబాద్‌కు ఒక స్థానం ఉంది. ఘాజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ నుంచి ఇళ్లు, స్థలాలు సకాలంలో అందక ఎంతోమంది వినియోగదారుల కమిషన్లకు వెళ్లారు. జాతీయ కమిషన్ వారందరికీ ఒకే కొలమానంతో 18 శాతం వడ్డీ ఇప్పిస్తూ వచ్చింది. 2004 మార్చిలో సుప్రీం కోర్టు ఆ పద్ధతిని సరిదిద్దింది. అందరికీ ఒకే వడ్డీ కాదు, ప్రతి కేసులో జరిగిన నష్టమేమిటో తేల్చాలి అంది. అదే సమయంలో పరిహారం అన్న మాటకు విస్తృతమైన అర్థం ఉందని, మనిషి పడిన వేధింపులకు, మానసిక క్షోభకు కూడా పరిహారం ఇప్పించవచ్చని స్పష్టం చేసింది. ఈ తీర్పు రాసిన న్యాయమూర్తి ఎస్ఎన్ వరియావాయే అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్ సాఫ్ట్‌వేర్ కేసులో మెజారిటీ తీర్పు కూడా రాశారు.

ఘాజియాబాద్ కేసు నేర్పే పాఠం ఇది: కాగితం మీద రాసుకున్న మాట కంటే పౌరుడికి నిజంగా ఏం జరిగిందన్నది ముఖ్యం. ఈ పాఠాన్ని సాఫ్ట్‌వేర్ ఒప్పందాలకు వర్తింపజేయాల్సి ఉంది. 2020 జులైలో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ఆ దిశలో ఒక అడుగు వేసింది. 'అన్యాయమైన ఒప్పందం' అన్న భావనను చట్టంలోకి తెచ్చింది. వినియోగదారుడి హక్కులను గణనీయంగా దెబ్బతీసే ఏకపక్ష షరతులను సవాలు చేయవచ్చు.

మరి మా ఇంజనీరు గారు ఎక్కడికి వెళ్లాలి? సరుకులో లోపం ఉందనో, వ్యాపార పద్ధతి అనుచితమనో అనుకుంటే ఘాజియాబాద్ జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ ఆయన అసలు ఫిర్యాదు అది కాదు. ఒప్పందమే అన్యాయమైనదన్నది ఆయన వాదన. ఆ వాదనను వినే అధికారాన్ని చట్టం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. చెల్లించిన విలువ 10 కోట్ల రూపాయల దాకా ఉంటే రాష్ట్ర కమిషన్, అంతకు మించితే జాతీయ కమిషన్ వినాలి. కొన్ని వేల రూపాయల ప్రింటరు గురించి, దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో లక్నోలో ఉన్న రాష్ట్ర కమిషన్‌ను ఆశ్రయించాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు దాఖలు చేసే సదుపాయం వచ్చిన మాట నిజమే. కానీ వేల రూపాయల వివాదాన్ని రాష్ట్ర రాజధాని స్థాయికి తీసుకెళ్లమనడమంటే, చాలామందికి వద్దని చెప్పడమే. హక్కు పుస్తకంలో ఉంది. దాన్ని అందుకునే నిచ్చెన మాత్రం పొట్టిగా ఉంది.

యజమాని హక్కు

ప్రభుత్వానికి ఈ సమస్య తెలియదనలేం. విడిభాగాలను, లోపాలను కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నందుకు కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలో ఉన్నాయి. 2023 నవంబరులో మోసపూరిత డిజైన్లపై మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలో పేర్కొన్న 13 పద్ధతుల్లో చందా ఉచ్చు కూడా ఒకటి. ఇవన్నీ అవసరమైన అడుగులే. కానీ కమిటీ వేరు, మార్గదర్శకం వేరు, చట్టబద్ధమైన హక్కు వేరు. 1978లో ప్రభుత్వం తన యంత్రాల విషయంలో మార్గదర్శకాలతో సరిపెట్టుకోలేదు.

ఈ మాటే ఇంజనీరు గారితో అన్నాను. ఆయన తన వృత్తి అనుభవం నుంచి మూడు విషయాలు చెప్పారు. చందా పద్ధతి తనకు అభ్యంతరం కాదు, అయితే వస్తువు జీవితకాలమంతా అయ్యే ఖర్చు కొనేటప్పుడే చెప్పాలి. భద్రత కోసం జాగ్రత్తలు పెట్టుకోవచ్చు, అయితే ప్రమాణాలు బయటపెట్టి, వాటిని పాటించే ఎవరి విడిభాగాన్నైనా అనుమతించాలి. కంపెనీ తన సర్వర్ మూసేసినా, వ్యాపారం మానేసినా, డబ్బు కట్టి కొన్న వస్తువు అప్పటి దాకా చేసిన పని చేస్తూనే ఉండాలి. అమ్మిన తర్వాత దూరం నుంచి దాని గుణాన్ని తగ్గించే హక్కు ఎవరికీ ఉండకూడదు. ఈ మూడింటిలో మొదటిది వ్యాపారానికి, రెండోది ఇంజనీరింగ్‌కు, మూడోది ఆస్తి హక్కుకు సంబంధించినది. రెండో దాన్ని అమెరికా కోర్టు 1936లోనే చెప్పింది.

వీటికి తోడు నేను ఒకటి కలుపుతాను. అన్యాయమైన ఒప్పందాలను విచారించే అధికారాన్ని జిల్లా కమిషన్లకు ఇవ్వాలి. ఇందుకు కొత్త సంస్థ అవసరం లేదు. చట్టంలో ఒక సవరణ చాలు.

ప్రభుత్వం ఖాతాదారుగా ఉన్నప్పుడు, యంత్రం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు రాబట్టడానికి పార్లమెంటు కమిటీ, కొత్త చట్టం, రెండు ప్రభుత్వ రంగ సంస్థలు వచ్చాయి. పౌరుడు అదే ప్రశ్న అడిగినప్పుడు అతనికి దొరికింది కస్టమర్ కేర్ నంబరు. పౌరుడు సొంతంగా ఒక సీఎంసీని పెట్టుకోలేడు. ఐబీఎంను సాగనంపిన నాటి రాజకీయాలతో ఏకీభవించేవారూ, విభేదించేవారూ ఈ అసమానతను మాత్రం కాదనలేరు.

ఇంజనీరు గారు చివరికి ఆ ప్రింటరును తానే విప్పారు. పాత అప్‌డేట్‌ను వెనక్కి ఎక్కించి, ఇంటర్నెట్‌తో దాని సంబంధం తెంచేశారు. ఇప్పుడది నింపిన ఇంకుతోనే పనిచేస్తున్నది. "నాకు పని తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియనివాళ్ల సంగతేమిటండీ?" అన్నారు. ఆయనకు జవాబు చెప్పాల్సింది నేను కాదు.